పంపులో వేపుడు వాసన

పెద్దల్లుడి లారీ మీద ఈగ వాలితే కాలుజారి పడుతుందని యార్డులో డ్రైవర్లు నవ్వుకునేవారు. ఆయన భుజాన ఎప్పుడూ ఒక గుడ్డ ఉండేది. బండి ఆగితే చాలు, దిగి అద్దం తుడిచేవాడు, తలుపు తుడిచేవాడు, ఆఖరికి డీజిల్ ట్యాంకు మూత కూడా తుడిచేవాడు. అలా ఆయన అసలు పేరు మరుగునపడి ‘తుడుపుగుడ్డ’ అన్న పేరే మిగిలింది. అత్తవారింట్లో మాత్రం ఆయన పెద్దల్లుడు. ఆ మాట అత్తగారి నోట వస్తుంటే వినేవాళ్ళకి సగం ఊరేగింపు చూసినట్టుండేది.

ఆ ఇంటికి ఇద్దరల్లుళ్ళు. చిన్నల్లుడు అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో సరుకు బండి నడిపేవాడు. నెమ్మదస్తుడు. ఏ పనైనా రెండుసార్లు అడిగి, మూడోసారి తనలో తను చెప్పుకుని, అప్పుడు మొదలుపెట్టే రకం. ‘వీడికి కాఫీ ఇస్తే చల్లారిందో లేదో నన్నే అడుగుతాడు’ అని అత్తగారు ఎగతాళి చేసేది. ఒకరోజు ఆ ఫ్యాక్టరీకి తాళం పడింది. యజమాని కనిపించకుండా పోయాడు. చిన్నల్లుడు పొద్దున్నే తయారై, వెళ్ళడానికి చోటులేక, వరండాలో కుర్చీ వేసుకుని చెప్పులు వేసుకునే కూర్చునేవాడు.

సరిగ్గా అప్పుడే పెద్దల్లుడికి నడుం పట్టేసింది. ఇక స్టీరింగు ముందు కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. యార్డులో బండ్లకి లోడ్లు పురమాయించే ఉద్యోగం దొరికింది. ఆ వారాంతంలో అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు ఆయన కంచంలోంచి తలెత్తకుండానే, లారీని తమ్ముడికి ఇచ్చేస్తున్నానని చెప్పాడు. తోడల్లుణ్ణి ఆయన తమ్ముడనే అనేవాడు. అమ్మడం కాదు, అద్దెకీ కాదు, నడుపుకుని బతకమని ఇవ్వడం. అత్తగారు పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. చిన్నల్లుడి భార్య అయిన మరదలు వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చిన్నల్లుడికి ముద్ద దిగలేదు.

తాళాలు ఇచ్చేరోజు అతను బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టైర్లు తట్టి చూసి, ఎప్పటిలాగే అడిగాడు.

“అన్నయ్యా, దీని గురించి నేను తెలుసుకోవాల్సింది ఇంకేమైనా ఉందా?”

“ఏముంటుంది? ఒంటి మీద ఈగ వాలనివ్వకుండా పెంచాను. నువ్వూ అలాగే చూసుకో, చాలు.”

ఉంది. చెప్పాల్సింది ఒక్కటే ఉంది, అదే ఆయన చెప్పలేదు.

చివరి రెండేళ్ళూ ఆ లారీ తాగింది డీజిల్ ఒక్కటే కాదు. పెద్దల్లుడు ఒక పెద్ద ఆసుపత్రి వంటశాలకి కూరగాయలు వేసేవాడు. అక్కడి వంటవాడు వేపుళ్ళు చేసి చేసి నల్లబడిన నూనెను డ్రమ్ముల్లో పోసి వెనక గోడ పక్కన పెట్టించేవాడు. పట్టుకెళ్ళేవాడు దొరక్క తిట్టుకునేవాడు. ఊరికే పోతోంది కదా అని పెద్దల్లుడు ఒకసారి ఒక క్యాను తెచ్చి, వారం పాటు కదపకుండా ఉంచి, పైన తేరుకున్నదాన్ని పాత దుప్పటి మడతల్లోంచి వడపోసి, డీజిల్లో కొంచెం కలిపాడు. బండి ఏమీ అనలేదు. కాస్త మెత్తగా నడిచినట్టు కూడా అనిపించింది. పొగగొట్టంలోంచి మాత్రం ఎవరో మూకుట్లో ఏదో వేయిస్తున్నట్టు వాసన వచ్చేది. మొదట్లో వారం ఆగేవాడు. తరవాత ఒక్కరోజే ఆగేవాడు. ఆ తరవాత దుప్పటి మడతలు కూడా తగ్గిపోయాయి. కొంచెం కలపడం పోయి సగం కలపడం వచ్చింది. చలికాలం పొద్దున నూనె గడ్డకట్టి, బండి దగ్గీ దగ్గీ గాని లేచేది కాదు.

ఇందులో తప్పు చేస్తున్నానని ఆయనకి అనిపించి ఉండకపోవచ్చు. కానీ దాచాల్సి వచ్చింది. ఎందుకంటే అంతకు ముందొకసారి యార్డులో ఓ పొడుగాటి డ్రైవరు ఇదే పని చేస్తూ కనబడితే, అందరిముందూ నిలబెట్టి కడిగేసింది ఈయనే. ‘మనం తిని పారేసింది బండికి తాగిస్తావా? దానికి మాత్రం కడుపు లేదా?’ అన్న ఆ మాట యార్డులో చాలాకాలం తిరిగింది. ఆ డ్రైవరు ముఖం చెల్లక వేరే యార్డుకి మారిపోయాడు. అలాంటి మాట అన్న నోటితో ‘నేనూ అదే పోస్తున్నాను’ అని ఎలా చెప్పుకుంటాడు? అందుకే ఇంటి వెనక, తలుపు వేసుకుని వడపోసేవాడు. ఆ పని తెలిసింది ఆయనకీ, ఆయన భార్యకీ.

బండి ఇవ్వడానికి కొన్నాళ్ళ ముందు, మరీ మొండికేస్తోందని నూనె మానేశాడు. ట్యాంకు నిండా మంచి డీజిల్ పోయించాడు, ఫిల్టరు కొత్తది వేశాడు, పైనంతా కడిగి మెరిసేట్టు తుడిచాడు. ఇక పాతది పాతదే, ఇప్పుడు శుభ్రంగా ఉంది కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. ఆ సర్దుబాటు బాగానే కుదిరింది. జనం పొగుడుతుంటే మరీ బాగా కుదిరింది.

చిన్నల్లుడు బండి నడపడం మొదలుపెట్టి నిలదొక్కుకున్నాడు. అద్దాల కంపెనీ ఒకటి అతని నెమ్మదితనం చూసి ముచ్చటపడింది. కిటికీ గాజు పలకల్ని ఎవరిచేత మోయించినా ఒకటో రెండో పగిలేవి. ఇతను తోలితే పగిలేవి కాదు. దాంతో వాళ్ళ లోడ్లన్నీ ఇతనికే. మరదలు ముఖంలోకి కళ వచ్చింది. చెప్పులేసుకుని వరండాలో కూర్చునే మనిషి ఇప్పుడు ఇంట్లో కనబడడమే అరుదైంది.

అయితే చలి మొదలయ్యాక బండి పొద్దున్నే లేవడానికి గునిసేది. ఫిల్టరు వేసిన కొద్దిరోజులకే మూసుకుపోయేది. విప్పి చూస్తే లోపల చింకిపాత ముక్కల్లాంటి గోధుమరంగు జిగురు. చిన్నల్లుడు యార్డుకొచ్చి, అరచేతిలో కాగితం మీద ఆ జిగురు తెచ్చి చూపించాడు. ఇదేమిటన్నయ్యా అని అడిగాడు.

పెద్దల్లుడు చూసీ చూడంగానే పోల్చుకున్నాడు. ట్యాంకు గోడలకి పేరుకున్న పాత నూనె మడ్డి, కొత్త డీజిల్‌కి నాని, పొరలు పొరలుగా ఊడుతోంది. అప్పుడైనా చెప్పి ఉంటే సరిపోయేది. ట్యాంకు దించి కడిగిస్తే ఒకపూట పని. చుట్టూ డ్రైవర్లు ఉన్నారు. అందరూ ఆ కాగితం వైపే చూస్తున్నారు.

“డీజిల్ ఎక్కడ పోయిస్తున్నావు?” అన్నాడు పెద్దల్లుడు.

“వంతెన దిగువన ఉన్న బంకులో అన్నయ్యా.”

“చూసుకోవాలి తమ్ముడూ. అందరూ మంచోళ్ళే అనుకుంటే ఎలా?”

అనేసి లోపలికి వెళ్ళిపోయాడు. చిన్నల్లుడు ఆ కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి బంకు మార్చాడు.

ఒకరోజు పొద్దున పెద్దల్లుడు యార్డులో ఉండగా ఫోను వచ్చింది. “అన్నయ్యా, నువ్వు ఒకసారి రా” అన్నాడు చిన్నల్లుడు. వంతెన దగ్గరున్నానని చెప్పి పెట్టేశాడు.

వంతెన వైపు దిగే ఏటవాలు రోడ్డు అది. దూరం నుంచే ఏదో మెరుస్తూ కనబడింది. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, రోడ్డంతా గాజు. ఎండ పడి కళ్ళు చెదురుతున్నాయి. పారిశుధ్య పనివాళ్ళు చీపుళ్ళతో ఒక పక్కకి నెడుతుంటే గలగలమని ఒకటే శబ్దం. లారీ కుడివైపంతా రాతిగోడకి ఒరుసుకుపోయి, రంగు లేచిపోయి ఉంది. దిగుతూ దిగుతూ ఉండగా ఇంజను చప్పున ఆగిపోయిందట. దాంతో స్టీరింగు రాయిలా బిగుసుకుపోయింది, బ్రేకూ సరిగా పట్టలేదు. ఎదురుగా బస్సు కోసం నిలబడ్డ జనం. తిరగని స్టీరింగుని రెండు చేతులా గుంజి, బండిని గోడకేసి రాసి ఆపాడు. ఆ గుంజడంలో కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఇంకెవరికీ గీత కూడా పడలేదు.

చిన్నల్లుడు ఫుట్‌పాత్ మీద చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దల్లుణ్ణి చూడగానే లేవబోయాడు.

“నన్ను క్షమించు అన్నయ్యా. బిడ్డలా పెంచిన బండి నా చేతికిస్తే ఇలా చేశాను. నువ్వు ముందే చెప్పావు డీజిల్ చూసుకోమని.”

పెద్దల్లుడికి చెప్పాల్సిన మాట నాలుక చివరి దాకా వచ్చింది. చుట్టూ జనం, అద్దాల కంపెనీ మనిషి, ట్రాఫిక్ పోలీసు. ఆయన తోడల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

“పోనీలే తమ్ముడూ. నేనేమీ అనుకోను.”

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక, తనకే వినబడ్డాక, పెద్దల్లుడికి ఒంటి మీద బట్టలు లేనట్టనిపించింది. తను చేసిన పాడుపనికి ఎదుటివాణ్ణి క్షమించేశాడు! పక్కనున్న పోలీసు కూడా ‘మీలాంటివాళ్ళు అరుదండీ’ అన్నాడు.

అద్దాల కంపెనీవాళ్ళు ఆ సాయంత్రమే ఇంకో బండి మాట్లాడుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం అత్తవారింట్లో భోజనాలు. చిన్నల్లుడి చేతికి పిండికట్టు. మరదలు అన్నం కలిపి పెడుతోంది. అత్తగారు మాత్రం ఊరుకోలేదు. దేవుడిచ్చిన కళ్ళు ఉన్నాక ఏ డీజిల్ పోస్తున్నారో చూసుకోవద్దా అని, చేతికొచ్చిన బతుకుని గోడకేసి కొట్టుకున్నాడని, దెప్పుడు మీద దెప్పుడు. ఆ వెంటనే పెద్దల్లుడి వైపు తిరిగి, ఇంత నష్టం జరిగినా పల్లెత్తు మాట అన్నాడా, ఆ మనసు ఎవరికొస్తుంది అని మొదలుపెట్టింది. చిన్నల్లుడు తలొంచుకుని, అవునత్తయ్యా అన్నాడు. తన వంతు తిట్లు తినడమే కాకుండా అవతలివాడి పొగడ్తలకి తల కూడా ఊపాడు.

పెద్దల్లుడు కంచం ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళాడు. వెనకే భార్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి. చేతి మీద నీళ్ళు పోస్తూ నెమ్మదిగా అంది.

“ఆ దుప్పట్లు ఉతికింది నేనే కదండీ.”

ఆయన ఉలిక్కిపడ్డాడు. నీళ్ళు అయిపోయినా చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు.

“మీరే చెప్తారని నిన్నటినుంచీ చూస్తున్నాను” అంది. “నా చెల్లెలి మొగుడు అక్కడ కూర్చుని తిట్లు తింటున్నాడు. నేనెలా వడ్డించాలో మీరే చెప్పండి.”

అంతే. ఖాళీ చెంబుతో లోపలికి వెళ్ళిపోయింది. పెద్దల్లుడికి తల కొట్టేసినట్టయింది. అయినా లోపలికి వెళ్ళి చెప్పలేకపోయాడు. బయటికి ఇంకో దారి ఉందేమోనని వెతుక్కున్నాడు.

ఆ దారి ‘పంపుల అక్క’ కొట్టు వైపు పోతుంది. లారీ ఇంజన్లకి డీజిల్ అందించే ఇంజెక్షన్ పంపులు బాగుచేయడంలో ఆవిడది తండ్రి నేర్పిన చేయి. చుట్టుపక్కల యార్డులన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. దుమ్ము పడకుండా ఎప్పుడూ తలుపు మూసి ఉండే తెల్లటి గది, మధ్యలో పంపుని బిగించి తిప్పి చూసే యంత్రం, దాని ముందు వరసగా గాజు గొట్టాలు. బల్లమీద తెల్లగుడ్డ పరిచి విప్పిన భాగాల్ని పిల్లల పాలపళ్ళలా పేర్చి పెట్టుకుంటుంది. లారీలోంచి విప్పిన పంపుని మెకానిక్ అప్పటికే అక్కడ పడేసి పోయాడు. చిన్నల్లుడు కాసేపట్లో వస్తానన్నాడు. పెద్దల్లుడు అతనికంటే ముందే చేరుకున్నాడు.

ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు నడుం నొప్పి గురించి మాట్లాడాడు. ఆవిడ వింటూ తన పని చేసుకుంటోంది. ఆఖరికి విషయానికి వచ్చాడు. ఈ పంపు విప్పితే ఏమి కనబడుతుందో తనకి తెలుసని, అది కుటుంబంలో గొడవ అవుతుందని, కల్తీ డీజిల్ వల్ల పట్టేసిందని ఒక్కమాట అంటే అందరూ ప్రశాంతంగా ఉంటారని నసిగాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్ళు ఆ గాజు గొట్టాల మీదే ఉన్నాయి.

“ఏం పోశావన్నా?” అంది ఆవిడ.

“వాడేసిన వంటనూనె.”

“వేడిచేసి పంపడానికి వేరే ట్యాంకు పెట్టించావా?”

“లేదు.”

“నూనెలోని నీళ్ళు తీయించావా? బండి ఆపేముందు డీజిల్‌తో కడిగేవాడివా?”

“లేదమ్మా. దుప్పటితో వడపోశాను.”

ఆవిడ చేతిలో ఉన్న పానా కింద పెట్టింది. అన్నీ అమర్చుకుని నూనె మీద ఏళ్ళ తరబడి బండ్లు నడిపేవాళ్ళున్నారని, అలాంటి పంపులు కూడా తన దగ్గరికి వస్తాయని, నూనె మీద తనకేం కోపం లేదని చెప్పింది. “ఈ రకం పంపుకి లోపల అరిగిపోకుండా పోసే వేరే చమురు ఉండదన్నా. లోపల పారే డీజిలే దానికి ఊపిరి. చల్లటి నూనె, అందులో నీళ్ళు, మడ్డి. అది రెండేళ్ళు ఊపిరి బిగబట్టి పనిచేసింది.”

పెద్దల్లుడు బల్లమీది తెల్లగుడ్డ అంచు సర్దాడు.

“ఎవరూ అడక్కుండా నేను చెప్పను” అంది ఆవిడ మళ్ళీ పానా అందుకుంటూ. “అడిగితే మాత్రం ఉన్నదే చెప్తాను. నా నోటికి ఇంకోటి అలవాటు లేదు.”

ఇంతలో తలుపు తోసుకుని చిన్నల్లుడు వచ్చాడు. ఆవిడ పంపుని బల్లమీద పెట్టి విప్పడం మొదలుపెట్టింది. మూత రాగానే గదంతా వేపుడు వాసన. లోపల గుండ్రంగా తిరగాల్సిన ఇనుపముక్క, అద్దంలా మెరవాల్సింది, తేనెరంగు జిగురుతో కప్పేసి ఉంది. ఒకచోట తుప్పు గుంటలు. దాన్ని తిప్పే ఇరుసు రెండుగా విరిగి ఉంది. చిన్నల్లుడు వంగి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మెల్లగా నిటారుగా నిలబడ్డాడు.

“నూనె” అన్నాడు. “వంటనూనె అన్నయ్యా ఇది. ఆ పాత బంకువాళ్ళు డీజిల్లో కలిపి అమ్మారన్నమాట. అయితే నేను చేసింది తప్పేం కాదు.”

“ఏం చేశావు?”

“నిన్న సాయంత్రం ఆ వంతెన దిగువ బంకుకి వెళ్ళాను. అక్కడ పంపు కొట్టే ముసలాయన ఉంటాడు చూడు, ఆయన్ని పట్టుకుని అందరిముందూ నోటికొచ్చినట్టు తిట్టాను. జనం పోగయ్యారు. యజమాని వచ్చి ఆయన్ని లోపలికి పంపేశాడు. పాపం, అనవసరంగా అన్నానేమోనని ఇంటికొచ్చి ఒకటే బాధ. ఇప్పుడిది తీసుకెళ్ళి ఆ యజమానికి చూపిస్తాను.”

చిన్నల్లుడు జీవితంలో ఎవరినీ తిట్టి ఎరగడు. ఆ సంగతి పెద్దల్లుడికి బాగా తెలుసు. ముసలాయన కూడా తెలుసు. ఇన్నేళ్ళు ఆయన చేతనే డీజిల్ కొట్టించుకున్నాడు. పంపుల అక్క తల ఎత్తలేదు. ఒక గుడ్డ తీసుకుని, అవసరం లేకపోయినా, విరిగిన ఇరుసుని తుడుస్తూ కూర్చుంది.

“బంకు తప్పేం లేదు తమ్ముడూ” అన్నాడు పెద్దల్లుడు. “అది నేను పోసిన నూనె.”

చిన్నల్లుడికి అర్థం కాలేదు. నువ్వెప్పుడు పోశావని అడిగాడు. పెద్దల్లుడు చెప్పాడు. ఆసుపత్రి వంటశాల, డ్రమ్ములు, దుప్పటి, మానేసిన రోజు. కాగితంలో జిగురు తెచ్చి చూపించినప్పుడే తెలుసని కూడా చెప్పాడు. అది చెప్పేటప్పుడు గొంతు మరీ తగ్గిపోతే చిన్నల్లుడు ఏమిటీ అని మళ్ళీ అడిగాడు. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది.

అరుస్తాడనుకున్నాడు. కొట్టినా పడదామనుకున్నాడు. చిన్నల్లుడు పిండికట్టు వైపు కాసేపు చూసుకున్నాడు.

“బండి ఇచ్చేరోజు నేను అడిగాను” అన్నాడు. “నాకు బాగా గుర్తు. ఇంకేమైనా ఉందా అని మిమ్మల్ని అడిగాను.”

ఇన్నేళ్ళుగా ‘అన్నయ్యా, నువ్వు’ అంటూ వచ్చినవాడు ‘మిమ్మల్ని’ అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. ఆ మాట దానంతటదే అలా వచ్చింది. పెద్దల్లుడికి చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

చిన్నల్లుడు తలుపు దగ్గరికి వెళ్ళి ఆగాడు. ముందు బంకుకి వెళ్దామన్నాడు.

ఇద్దరూ బస్సెక్కి వెళ్ళారు. పక్కపక్కన సీట్లున్నా చిన్నల్లుడు నిలబడే వచ్చాడు. బంకులో బండ్లు బారులు తీరి ఉన్నాయి. ముసలాయన ఎప్పటిలా పంపు దగ్గరే ఉన్నాడు. చిన్నల్లుణ్ణి చూడగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. పెద్దల్లుడు ముందుకొచ్చి, క్యూలో ఉన్నవాళ్ళంతా వింటుండగా, మీ డీజిల్లో దోషం లేదని, తప్పంతా తనదని, తన వల్లే మీరు మాట పడాల్సి వచ్చిందని చెప్పాడు. తన గొంతు తనకే ఎవరిదో అన్నట్టు వినబడింది. యజమాని దగ్గరికి కూడా వచ్చి చెప్తానన్నాడు.

ముసలాయన ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

“నిన్న ఈయన తిట్టిపోయాడు. ఇవాళ మీరొచ్చి తల వంచుతున్నారు. మీ ఇంటి పంచాయితీ నా పంపు దగ్గరెందుకు బాబూ? కాస్త జరగండి, వెనక బండి వస్తోంది.”

ఎవరో నవ్వారు. పెద్దల్లుడు జరిగాడు. యజమాని గదిలోకి వెళ్ళి అదే మాట మళ్ళీ చెప్పాడు. బయటికొచ్చేసరికి చిన్నల్లుడు ముసలాయనతో ఏదో మాట్లాడుతున్నాడు. ముసలాయన అతని పిండికట్టు పట్టుకుని చూస్తున్నాడు. పెద్దల్లుడు దూరంగానే ఆగిపోయాడు.

ఇంకా ఒక గుమ్మం మిగిలింది. అన్నిటికంటే ఎత్తైన గుమ్మం. ఆ సాయంత్రం అత్తగారి ముందు కూర్చుని, మధ్యాహ్నం పంపుల గదిలో చెప్పిందంతా మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. భార్య తలుపు దగ్గర నిలబడి వింది. చిన్నల్లుడు కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తున్నాడు. ఆయన ఊహించని సంగతి ఒకటి జరిగింది. అత్తగారు నమ్మలేదు.

ఆవిడ ముఖం మెల్లమెల్లగా వెలిగిపోయింది. నాకు తెలీదా బాబూ అంది. చిన్నవాడు తిట్లు తింటుంటే చూడలేక నీ నెత్తిన వేసుకుంటున్నావు, ఇంత మంచితనం పనికిరాదు అంది. ఆయన కాదండీ, నిజమండీ అంటున్నకొద్దీ ఆవిడకి ఆయన మీద గౌరవం పెరుగుతూ పోయింది. నిజం చెప్పినా బయటపడే దారి లేనంత ఎత్తుకి ఆవిడ ఆయన్ని ఎక్కించేసి ఉంది. కిటికీ దగ్గర చిన్నల్లుడు నవ్వాడు. సంతోషంతో వచ్చిన నవ్వు కాదది. పెద్దల్లుడికి మంచంకిందకి దూరిపోవాలనిపించింది.

“అమ్మా” అంది అప్పుడు మరదలు. ఆ ఇంట్లో తల్లి మాటకి అడ్డం వెళ్ళడం ఆవిడకి అలవాటు లేదు. “బావగారు నిజమే చెప్తున్నారు. మా ఆయన బండి మొదట తెచ్చినరోజే సీటు కింద వంటనూనె వాసనొస్తోందని నేనన్నాను. అన్నయ్య బండిని అలా అనకు అని నా మీద కోప్పడ్డారు.”

అత్తగారు ఒకసారి పెద్దల్లుణ్ణి, ఒకసారి చిన్నల్లుణ్ణి చూసింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి ఒకే ఒక్క గ్లాసులో కాఫీ తెచ్చి చిన్నల్లుడి చేతికిచ్చింది. చల్లారిందో లేదో తనే ముందు గ్లాసుని తాకి చూసి మరీ ఇచ్చింది. పెద్దల్లుడి వైపు చూడలేదు. ఆ తరవాత చాలాకాలం ఆవిడ ఆయన్ని ‘మీ ఆయన’ అనే అంది కూతురితో.

యార్డులో ఎవరూ అడక్కుండానే చెప్పాడు. ఒకప్పుడు తను కడిగేసిన పొడుగు డ్రైవరు ఎక్కడుంటున్నాడో కనుక్కుని అతని ఇంటికీ వెళ్ళాడు. అతను ఇంటి దగ్గర లేడు. అతని భార్య విషయమేమిటని అడిగితే మళ్ళీ వస్తానని వచ్చేశాడు, మళ్ళీ వెళ్ళాడు. రెండోసారి అతను దొరికాడు. ఎప్పటి సంగతో ఎందుకు ఇప్పుడు అని, లోపలికి రమ్మనకుండానే పంపించేశాడు. యార్డులో కొత్త కుర్రాళ్ళు పెద్దల్లుణ్ణి ఇప్పుడు ‘వేపుడు’ అంటారు. ఆ పేరు వినబడినప్పుడు ఆయన తిరిగి చూస్తాడు, పలుకుతాడు.

పంపుల అక్క వేరే పాత పంపులోంచి మంచి భాగాలు తీసి అమర్చింది. ట్యాంకు లోపల శుభ్రం చేయనిదే ఇది బిగించొద్దు, మళ్ళీ నా దగ్గరికే వస్తుంది అని గట్టిగా చెప్పింది. ట్యాంకు దింపించి, వేడినీళ్ళతో ఎన్నిసార్లు కడిగించినా అడుగున మడ్డి వదల్లేదు. దాన్ని చేత్తో గీకాల్సిందే. ఆదివారాలు యార్డు ఖాళీగా ఉంటుంది. పెద్దల్లుడు రేకుల షెడ్డు కింద ట్యాంకు పక్కన చాప వేసుకుని, నడుంకి పట్టీ బిగించుకుని, మూత విప్పిన రంధ్రంలోకి భుజం దాకా చెయ్యి పెట్టి, చెక్క గరిటెతో గీకేవాడు. లోపల ఏమీ కనబడేది కాదు. తడిమి, గీకి, చెయ్యి బయటికి తీసి చూస్తే గోళ్ళలో, మోచేతి మడతల్లో అదే తేనెరంగు జిగురు. సబ్బుకి పోయేది కాదు. వారమంతా ఆయన చేతుల దగ్గర ఆ వాసన ఉండేది.

మూడో ఆదివారం చిన్నల్లుడు వచ్చాడు. పిండికట్టు తీసేశారు, ఇంకా గుడ్డ చుట్టి ఉంది. చేతిలో చిన్న లైటు. పలకరించలేదు. ఎదురుగా కూర్చుని రంధ్రం పక్కనుంచి లోపలికి లైటు వేశాడు. పెద్దల్లుడు గీకుతూ పోయాడు. ఒకపూట అలాగే గడిచింది. ఎక్కడో లారీ హారన్లు, రేకుల మీద కాకి కాళ్ళ చప్పుడు తప్ప మాటల్లేవు. అద్దాల కంపెనీవాళ్ళు ఏమన్నారని ఒకసారి అడగబోయి పెద్దల్లుడు మింగేశాడు. అడిగే హక్కు తనకి ఉందో లేదో తెలియలేదు.

“అయిపోయినట్టుంది” అన్నాడు చాలాసేపటికి.

“లేదు” అన్నాడు చిన్నల్లుడు వంగి చూస్తూ. “ఆ వెనక మూల ఇంకా ఉంది. మీ చెయ్యి అక్కడికి అందదు.”

లైటు ఆయన చేతికిచ్చాడు. బాగున్న చేతికి చొక్కా మడత పైకి నెట్టుకుని, చాప మీద పక్కకి వాలి, ట్యాంకులోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. పెద్దల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని, వెలుతురు సరిగ్గా ఆ మూల మీద పడేట్టు లైటు పట్టుకున్నాడు.